తుఫాను నష్టం జాబితాలో ఎండుచేపలు ఎందుకు లేవు?

1999 అక్టోబరు మహా తుఫానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. అయినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. దాదాపు 10 లక్షల మందిని ముందే ఇళ్లు ఖాళీ చేయించడంతో అది సాధ్యమైంది. ఆ పద్నాలుగేళ్లలో రాష్ట్రం నేర్చుకున్నది తక్కువేమీ కాదు. విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు, తీరం పొడవునా షెల్టర్లు కట్టారు. 2018లో 122 సైరన్ టవర్లు కూడా వచ్చాయి. ప్రాణాలు కాపాడే విషయంలో ఒడిశాకు వంక పెట్టడం కష్టం.

గాలి తగ్గిన మర్నాడు మొదలయ్యే పని వేరు. ఎవరికి ఏం పోయింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అని లెక్క రాసే పని అది. ఆడవాళ్ల కష్టం ఈ లెక్కలోకి రాదు. ఎవరో కక్షగట్టి కొట్టేయలేదు. ఫారం తయారైనప్పుడే అందులో దానికి గడి లేదు. వాతావరణ మార్పు, మహిళా సమానత్వం అనే రెండు మాటలూ సదస్సుల్లో ఎప్పుడూ జంటగానే వినిపిస్తాయి. గంజాం తీరంలో వాటికి అర్థం తెలియాలంటే ఆ ఫారం తీసి చదవాలి.

గోపాల్‌పూర్ చుట్టుపక్కల ఆర్యపల్లి, గోఖరకుద, పోడంపేట, ఆంధ్ర సరిహద్దు వైపు మార్కండి, రామయ్యపట్నం లాంటి ఊళ్లలో వేట చేసేది ఎక్కువగా తెలుగువాళ్లే. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు. వీళ్లలో వాడబలిజలు, జాలారులు ఉన్నారు. ఇంట్లో మాట తెలుగు, పిల్లల బడి ఒడియా, రేషన్ కార్డు ఒడియా. ఇదే జిల్లాలోని వెంకట్రాయిపూర్‌ను 2020లో యునెస్కో అనుబంధ సంస్థ సునామీకి సన్నద్ధమైన గ్రామంగా గుర్తించింది. హిందూ మహాసముద్ర ప్రాంతంలో మొదట ఆ గుర్తింపు దక్కిన రెండు ఊళ్లలో అదొకటి. విపత్తు గురించి వీళ్లకు పాఠాలు చెప్పాల్సిన అవసరం అంతగా లేదు.

ఈ ఊళ్లలో సముద్రంలో పని మగవాళ్లది, ఒడ్డు మీద పని ఆడవాళ్లది. పడవ ఇసుక తగిలిందంటే వేలం పాట మొదలవుతుంది. వంజరం, చందువ లాంటి ఖరీదైన చేపలు ఐస్ పెట్టెల్లోకి, వ్యాన్లలోకి వెళ్లిపోతాయి. మిగిలిన నెత్తళ్లు, కవళ్లు, చిన్న రొయ్యలు ఆడవాళ్లు పాడుకుంటారు. చాలాసార్లు చేతిలో రొక్కం ఉండదు. సావుకారు దగ్గరో, సంఘంలోనో అప్పు తెచ్చి, సరుకు అమ్మాక తీరుస్తారు. నెత్తళ్లను ఉప్పు లేకుండానే ఇసుక మీదో పాత వలల మీదో పలచగా పరుస్తారు. పెద్ద చేపనైతే చీల్చి, కడిగి, ఉప్పు పట్టించి ఎండబెడతారు. మంచి ఎండ కాస్తే చిన్న చేప రెండు మూడు రోజుల్లో గలగలమంటుంది. ఆ రెండు మూడు రోజులూ కాకుల్నీ కుక్కల్నీ తోలాలి, గంటకోసారి తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే పోగు చేయాలి. ఆ తర్వాత గంపకెత్తుకుని బరంపురం బజారుకో, లోపలి ఊళ్ల సంతలకో, ఇటు ఇచ్ఛాపురానికో వెళ్తారు.

వాతావరణం మారిందని వీళ్లకు ఏ నివేదికా చెప్పనక్కర్లేదు. ఎండబెట్టే కాలంలో మబ్బు పట్టి రెండు రోజులు ముసురు పెడితే సరుకుకు తేమ తగులుతుంది, వాసన మారుతుంది, పురుగు పడుతుంది. మనుషులు తినే ధర పలకాల్సిన చేప కోళ్ల దాణాకు పోతుంది. అప్పు మాత్రం తగ్గదు. తుఫాను దాకా అక్కర్లేదు, తీరం దాటకుండా బలహీనపడిన అల్పపీడనం చాలు. దానికి పేరుండదు కాబట్టి వార్త కాదు, పరిహారమూ ఉండదు. పేరున్న తుఫానులే ఈ ఆడవాళ్లను ముంచుతున్నాయనుకుంటే పొరపాటు. పేరులేని ముసుర్లు చేసే నష్టం ఏడాదికేడాది పేరుకుపోతూ ఉంటుంది.

ఇక ఫారం సంగతి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఏ నష్టానికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోం శాఖ నిబంధనల్లో రాసి ఉంటుంది. మత్స్యకారుల పేరిట అందులో ఉన్నది పడవ, తెప్ప, వల. పాక్షికంగా దెబ్బతింటే ఒక రేటు, పూర్తిగా పోతే ఒక రేటు. పడవ ఎవరిది? మగవాళ్లది. వల? మగవాళ్లదే. ఒడ్డున ఆరేసిన సరుకు, ఉప్పు బస్తాలు, ఐస్ పెట్టె, గంపలు, తూకం కాటా ఈ పద్దులో ఎక్కడా లేవు. ఫైలిన్ లాంటి గాలి వస్తే ఒకే ఇంట్లో భర్త పడవా పోతుంది, భార్య సరుకూ పోతుంది. పడవను ఫొటో తీసి జాబితాలో ఎక్కిస్తారు. సరుకు సముద్రంలో కలిసిపోతుంది, ఫొటో తీయడానికి కూడా ఏమీ మిగలదు.

వ్యాపార సరుకుకు పరిహారం ఇస్తే అడ్డూ అదుపూ ఉండదని అధికారులు అనొచ్చు. అదే నిబంధనల్లో చేనేత, హస్తకళల పద్దు చూస్తే ఆ మాట నిలవదు. అక్కడ పనిముట్లకు ఒక సాయం, ముడిసరుకుకూ తయారీలో ఉన్న సరుకుకూ తయారైన సరుకుకూ మరో సాయం రాసి ఉన్నాయి. 2022 నిబంధనల ప్రకారం ఒక్కోదానికి 5 వేల రూపాయలు. అంటే బరంపురంలో పట్టుచీర నేసే ఇంట్లోకి నీళ్లొచ్చి మగ్గం మీద సగం నేసిన చీర పాడైతే అది తయారీలో ఉన్న సరుకు. అక్కడికి గంట దూరంలో ఇసుక మీద సగం ఎండిన నెత్తళ్లు కొట్టుకుపోతే అది ఏమీ కాదు. నేతపనికి ఇచ్చింది తప్పని కాదు, ఆ సాయమూ చాలదు. సగంలో ఉన్న సరుకును లెక్కగట్టడం ప్రభుత్వానికి తెలుసనడానికి అదే సాక్ష్యం. ఎండుచేపల విషయంలో అడిగినవాళ్లు లేరు, అడిగే బలమున్న సంఘమూ లేదు. మత్స్యకార సహకార సంఘాలు పడవల చుట్టూ, వేట చుట్టూ పెరిగినవి.

‘మత్స్యకారుడు’ అంటే వేటకెళ్లేవాడనే లెక్క మిగతా పథకాల్లోకీ పాకింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. దీనికి తోడు గంజాం తీరంలోనే ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపలవేటపై నిషేధం ఉంటుంది. తాబేళ్లను కాపాడటం మంచి పనే. 2025లో ఋషికుల్య తీరానికి దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చాయి, రికార్డు అది. అయితే ఏడు నెలల ఆంక్షల ఖర్చు ఎవరి మీద పడుతోందో చూడాలి. వేటకెళ్లే మనిషికి ఏదో ఒక సాయం ప్రకటించారు. చాలినంత కాకపోయినా అతనికి నష్టం ఉందని ఒప్పుకున్నట్టే. గుడ్ల దగ్గర కాపలాకు, పర్యాటకులకు దారి చూపడానికి కుర్రాళ్లను పెట్టుకుంటారు. ఒడ్డుకు చేప రాకపోతే మొదట ఖాళీ అయ్యేది గంప. ఆ గంపకు నిషేధ కాలపు భృతి లేదు. సంరక్షణ భారాన్ని ఒక కుటుంబం మీద మోపి, సాయాన్ని ఆ కుటుంబంలో ఒక్కరి పేరిటే రాసి ‘కుటుంబానికి ఇచ్చాం’ అనడం ప్రభుత్వాలకు అలవాటు.

ఇంకో సంగతి. ఆ ఒక్కరు చాలాకాలం ఊళ్లో ఉండటం లేదు. గంజాం నుంచి సూరత్ మిల్లులకు వలస పాతదే. తీరపు ఊళ్ల కుర్రాళ్లు చెన్నై, కేరళ, మంగళూరు, గుజరాత్ బోట్ల మీద కూలికి పోవడమూ బాగా పెరిగింది. సముద్రం ఒడ్డును కోసేస్తుంటే పడవ లాగి పెట్టుకునే ఇసుక కూడా కరువవుతోంది. పోడంపేటలో కోతకు ఇళ్లు పోయి జనం లోపలికి తరలాల్సి వచ్చింది. వేట గిట్టుబాటు కాని ఇంట్లో మగాడు బయలుదేరతాడు. ముసలివాళ్లు, పిల్లలు, గేదె, అప్పులవాళ్లు ఆమెకు మిగులుతారు. అక్టోబరులో సైరన్ మోగితే ఇల్లు వదలాలా, ఎప్పుడు వదలాలి అన్న నిర్ణయం ఆమెదే. 2004 సునామీలో ఇండోనేషియా అచే తీరంలో, తమిళనాడు తీరంలోని కొన్నిచోట్ల మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువగా చనిపోయారు. కొందరు ఒడ్డున పడవల కోసం ఎదురుచూస్తున్నారు, కొందరు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తలేకపోయారు. గంజాంలో ఇప్పుడు ముందస్తు తరలింపు బాగుంది కాబట్టి అలాంటి విషాదం తప్పుతోంది. కానీ ఇంటిపెద్ద అనే గడిలో మంగళూరులో ఉన్న మనిషి పేరు ఉంటుంది. నష్టం రాయడానికి వచ్చిన ఉద్యోగి సంతకానికి ఆ పేరునే వెతుకుతాడు.

ఇళ్ల విషయంలో మాత్రం ఒక మంచి ఉదాహరణ ఇక్కడే ఉంది. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో గంజాం, ఖుర్దా, పూరీ జిల్లాల్లో కట్టిన పక్కా ఇళ్ల కాగితాల్లో భార్య పేరు కూడా చేర్చారు. ఇంటికి సాధ్యమైనది సరుకుకు ఎందుకు సాధ్యం కాదు? కారణం కొంత తేలికే. ఇల్లు కదలదు, కొలవొచ్చు, రిజిస్టర్ చేయొచ్చు. ఆడవాళ్ల సంపాదనలో చాలా భాగం కదిలేది, తడిసేది, రోజుల్లో పాడయ్యేది. నష్టం లెక్కించే పద్ధతులు భూమిని, కట్టడాన్ని, ఇంజన్‌ను చూసి తయారయ్యాయి. వాటిని సొంతం చేసుకునే అవకాశం ఎవరికి ఉందో అందరికీ తెలుసు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల పేరున ఉన్నవి 14 శాతానికి అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్‌లో అది 30 శాతం దాకా ఉంది, ఒడిశాలో జాతీయ సగటుకు చాలా దిగువన ఉంది. సరిహద్దు దాటితే మనుషులు మారరు, మాట మారదు, పట్టాదారు పాసుపుస్తకం మీద పేరు మాత్రం మారుతుంది.

షెల్టర్ల గురించి ఎక్కువ చెప్పుకోవడం అనవసరం. గర్భిణుల విషయంలో రాష్ట్రం తీసుకునే శ్రద్ధ మెచ్చుకోదగ్గది. 2024 అక్టోబరులో దానా తుఫానుకు ముందు నాలుగు వేల మందికి పైగా గర్భిణులను ఆసుపత్రులకు చేర్చారు, వారిలో దాదాపు 1,600 మందికి అక్కడే కాన్పులయ్యాయి. అదే షెల్టర్‌లో వేరే మరుగుదొడ్డి, లోపలి గడియ, నెలసరి గుడ్డలు మార్చుకునే చాటు ఉన్నాయో లేదో అడిగితే జవాబు ఊరికో రకంగా వస్తుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది అని చూస్తే జవాబు ముందే ఊహించవచ్చు.

తీరం వదిలి పడమటికి పోతే గజపతి జిల్లా కొండలు. పర్లాకిమిడి పట్టణంలో తెలుగు, పైన కొండల్లో సవర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని పడగొడితే, వాన గజపతి కొండల్ని జారగొట్టింది. బరఘరా గ్రామం దగ్గర వానకు తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడింది. తుఫాను అంటే తీరప్రాంతం సమస్య అనుకున్న యంత్రాంగానికి అది పెద్ద దెబ్బ.

కొండల్లో అడవి ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు, ఇప్పపువ్వు, వంటచెరకు, ఊట నీళ్లు అన్నీ వాళ్లే తేవాలి. ఇక్కడ చట్టం తీరంకంటే ఎంతో నయం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు మహిళలు ఉండాలి. 2012 సవరణ నియమాల ప్రకారం గ్రామసభకు ఊళ్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుంటేనే తీర్మానం చెల్లుతుంది. దేశంలో పర్యావరణ చట్టాల్లో ఆడవాళ్ల హాజరును తీర్మానం చెల్లుబాటుకే ముడిపెట్టినవి అరుదు. అదే దీని బలం. ఆ కోరంను హాజరు పుస్తకంలో వేలిముద్రలతో నింపేసే ఊళ్లలో ఆ బలం ఉత్తదే అవుతుంది.

మూడో వంతు అనే అంకె గాలిలోంచి పుట్టింది కాదు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ గుజరాత్‌లో, నేపాల్‌లో అటవీ సంఘాలను పరిశీలించి, నిర్వహణ కమిటీలో ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నచోట అడవి మెరుగ్గా కోలుకుందని చూపించారు. ఒకరిద్దరు ఉంటే మాట్లాడరు, దాదాపు మూడో వంతు దాటితే నోరు విప్పుతారని కూడా ఆ పరిశీలనలో తేలింది. గంజాం పక్కనే ఉన్న నయాగఢ్ జిల్లాలో దీనికి సాక్ష్యం దొరుకుతుంది. అక్కడ ఆడవాళ్లు వంతులవారీగా కర్ర పట్టుకుని అడవిలో గస్తీ తిరుగుతారు. తిరిగి వచ్చాక ఆ కర్రను పక్కింటి గుమ్మం ముందు పెడతారు, మర్నాడు ఆ ఇంటి వంతు. దాన్నే ఠెంగపల్లి అంటారు. 2021లో ఆ జిల్లా రణపూర్ బ్లాకులో 24 గ్రామాలకు సామూహిక అటవీ హక్కు పత్రాలు దక్కాయి. కాగితం దక్కడానికి ముందు దశాబ్దాల పాటు అడవిని నిలబెట్టింది జీతం లేని గస్తీ. ఆ పనిని మెచ్చుకుంటూ మాట్లాడేవాళ్లు ఒక ప్రశ్న దాటవేస్తారు. అటవీ శాఖ గార్డుకు జీతం ఉన్నప్పుడు ఈ గస్తీకి ఎందుకు లేదు?

జీతం లేని పని అనగానే చోళ్ల సంగతి ఎత్తాలి. వానలు తప్పినా తట్టుకునే పంటలని ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ నడుపుతోంది. కోరాపుట్ ప్రాంతంలో ఇది బాగా పనిచేసింది. అక్కడి సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వంద రకాలకు పైగా దేశవాళీ వరి విత్తనాలు కూడబెట్టిన కమలా పూజారి ఆ జిల్లా గిరిజన మహిళే. ఆమెకు 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూలైలో కన్నుమూశారు. విత్తనం దాచింది ఆడవాళ్లని అందరూ ఒప్పుకుంటారు. విత్తనం నుంచి ముద్ద దాకా మధ్యలో ఉన్న చాకిరీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సామలు, కొర్రలు దంచి పొట్టు తీయడం రోట్లో గంటల పని. వరి మిల్లు ఊరూరా వచ్చాక తప్పిన కష్టాన్ని వాతావరణ అనుకూల పంట పేరుతో మళ్లీ నెత్తిన పెట్టినట్టవుతుంది. మిషన్‌లో భాగంగా ఊళ్లలో పొట్టు తీసే యంత్రాలు పెట్టి మహిళా సంఘాలకు అప్పగించిన చోట పంట నిలబడింది. అవి లేని చోట ఏమవుతుందో దేశవ్యాప్త లెక్కే సూచిస్తుంది. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. కొత్త పథకం ఏదొచ్చినా ఆ 299కి ఎంత కలుపుతోంది, ఎంత తీసేస్తోంది అని ముందు అడగాలి.

అంతర్జాతీయ స్థాయిలో మాటలకు కొదవ లేదు. వాతావరణ సదస్సుల్లో 2014లో లిమాలో మహిళా సమానత్వ కార్యక్రమం మొదలైంది, 2024లో బాకూలో మరో పదేళ్లు పొడిగించారు. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో, వాతావరణ మార్పుతో దెబ్బతినే దేశాల కోసం నష్టపరిహార నిధికి ఒప్పుకున్నారు. ఆ చర్చల్లో ఆడవాళ్ల నష్టాలు తరచూ ‘ఆర్థికేతర నష్టాలు’ అనే ఖాతాలోకి జారిపోతుంటాయి. ఆరోగ్యం, సంస్కృతి, మానసిక వేదన అన్నీ నిజమైనవే. కానీ ఆర్యపల్లి ఆడమనిషికి పోయింది నూటికి నూరుపాళ్లు ఆర్థికమైనది. ఎంత పెట్టి కొన్నదో, ఎంతకు అమ్మేదో, ఎంత వడ్డీ కట్టాలో ఆమె చేతివేళ్ల మీద చెప్పగలదు. అడగడానికి ఫారంలో చోటు లేదు, అంతే.

ఆ చోటు పెట్టడానికి పెద్ద విప్లవం అక్కర్లేదు. విపత్తు నిధి నిబంధనలను ఆర్థిక సంఘం కాలానికి అనుగుణంగా తిరగరాస్తారు. 2022లో వచ్చినవి 2026 మార్చి దాకానే. 16వ ఆర్థిక సంఘం కాలానికి రాసే నిబంధనల్లో మత్స్యకారుల పద్దు కింద ఆరబెట్టిన సరుకు, అమ్మకపు సామగ్రి అని రెండు వరుసలు చేర్చితే చాలు. నేతపని పద్దు నమూనాగా ఎలాగూ ఉంది. రాష్ట్రం తన చేతిలో ఉన్నదీ చేయొచ్చు. నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకునే వీలుంది. ఒడిశా ఆ వీలుతోనే వడగాడ్పును, పిడుగుపాటును తన జాబితాలో చేర్చుకుంది. అకాల వర్షాన్ని కూడా తీరప్రాంత సంపాదనకు ముడిపెట్టి చూడటం సాధ్యమే.

అంతకంటే ముందు పేర్లుండాలి. 2024లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో వేటగాళ్లనే కాక చేపలు అమ్మేవాళ్లను, ప్రాసెసింగ్ చేసేవాళ్లను కూడా నమోదు చేసుకోవచ్చు. చేపల పనిలో ఉన్న ఆడవాళ్లకు ‘కుటుంబసభ్యురాలు’గా కాక పనివాళ్లుగా గుర్తింపు దొరికే అవకాశం ఇది. చిక్కల్లా నమోదు దగ్గరే. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు చాలా ఇళ్లలో భర్తది. అతను మంగళూరు బోటు మీద ఉంటాడు, ఓటీపీ అక్కడికి పోతుంది. సముద్రంలో సిగ్నల్ ఉండదు. పంచాయతీ ఆఫీసులో ఒక పూట శిబిరం పెట్టి, తెలుగు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ముందు ఆమె ఆధార్‌కు ఆమె నంబరు కలిపించి, తర్వాత నమోదు చేయించాలి. ఒడిశాలో పంచాయతీ పదవుల్లో సగం 2012 ఎన్నికల నుంచి మహిళలకే రిజర్వు అయ్యాయి కాబట్టి ఆ శిబిరం పెట్టించగల సర్పంచి చాలా ఊళ్లలో ఆడమనిషే. అక్టోబరు లోపు జరగాల్సిన పని ఇది.